గండికోటలో నేను కారు దిగలేదు

“నాన్నా, గండికోటలో నువ్వు కారే దిగలేదు కదా!” అని మా అమ్మాయి అన్నప్పుడు, కడపలో మా అమ్మ వంటింటి నల్లబండ గట్టు మీద తను రాసుకున్న అమెరికా కాలేజీల జాబితా పరచి ఉంది, చెంబు అడుగు తడి తగిలి ఆ కాగితం ఒక మూల గుండ్రంగా ఉబ్బింది. కంప్యూటర్ సైన్స్‌కు పోటీ విపరీతమనీ, దరఖాస్తులో జియాలజీ అని రాస్తే సీటు సులువనీ, చేరిన తరువాత మారవచ్చనీ అంతకుముందు నేను గంటసేపు బోధించాను. పెన్న కోసిన లోయనూ, వంద కోట్ల ఏళ్లు దాటిన మన కడప శిలలనూ చూసి మనసు పారేసుకున్నట్టు వ్యాసం రాయమని కూడా చెప్పాను. ఎండకు జడిసి ఏసీలో కూర్చున్నవాడు చెప్పవలసిన మాటలు కావవి.

“లేని ఇష్టం ఉన్నట్టు నేను రాయను” అని తను కాగితం తీసుకుని వెళ్లిపోయింది. అబద్ధమాడితే ఊరుకోనని చిన్నప్పటి నుంచి తనను బెదిరించినవాణ్ణి నేనే. మా అమ్మ పోపు వేస్తూ, “రాళ్ల చదువుకు అమెరికా ఎందుకురా, మన ఎర్రగుంట్ల రాతి గనులకు పోతే చాలదా?” అన్నది.

నాకీ తెలివి ఎంసెట్ కౌన్సెలింగ్ నుంచి అబ్బింది. సివిల్‌లో చేరి, బ్రాంచి మారదామని చూసి, మారలేక, చివరికి ప్రోగ్రాములు రాసుకుని బతుకుతున్నాను. అమెరికాలో లెక్క వేరు. ఇలినాయ్ అర్బానా-షాంపేన్, వాషింగ్టన్ విశ్వవిద్యాలయాలలో కంప్యూటర్ సైన్స్‌కు ప్రవేశం విడిగా ఉంటుంది; వేరే మేజర్‌తో, అంటే వేరే ప్రధాన విషయంతో, లోపలికి వెళ్లినవారికి తరువాత ఆ తలుపు దాదాపు మూసే ఉంటుంది. హార్వర్డ్‌లోనైతే విద్యార్థులు రెండో సంవత్సరంలో గాని తమ విభాగాన్ని ప్రకటించరు కనుక, దరఖాస్తులో రాసిన పేరుకు ఎవరూ కట్టుబడనక్కరలేదు; అందుకే ఆ పేరుకు పెద్ద బరువూ ఉండదు. పైగా దరఖాస్తు చదివేవారు హైస్కూలులో తీసుకున్న కోర్సులనూ, చేసిన పనులనూ ఆ పేరు పక్కన పెట్టి చూస్తారు. మూడేళ్లు రోబోటిక్స్ జట్టులో తిరిగిన పిల్లకు ఉన్నట్టుండి రాళ్ల మీద ప్రేమ పుట్టిందంటే నమ్మేదెవరు? నిజంగా రాళ్లంటే ప్రాణం పెట్టే పిల్లకు అది కొంత మేలు చేయవచ్చునేమో గాని, ఆ పిల్ల మా ఇంట్లో లేదు.

ఇదంతా తెలిసీ, నిన్న రాత్రి మిద్దె మీద అందరూ నిద్రపోయారనుకుని, స్టాటిస్టిక్స్‌కు పోటీ ఎంత ఉంటుందోనని ఫోన్‌లో వెతుకుతున్నాను. పక్క మంచం మీద నుంచి “నాన్నా, వెలుతురు” అని వినిపించింది. ఫోన్ బోర్లించాను.