హాల్లో టీవీ కంటే ముందు

ఇల్లు సర్దుకోవడం అనగానే చాలామంది సోఫా కొలతలతో మొదలుపెడతారు. వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చుంటారు, టీవీ ఏ గోడకి, షోకేస్‌లో ఏం పెట్టాలి, ఇవే లెక్కలు. నేను చూసుకునేది వేరే. సాయంత్రం పనులయ్యాక ఏ కుర్చీలో కూర్చుని పాట వింటాను? పుస్తకం పట్టుకుంటే వెలుతురు ఎటు నుంచి పడుతుంది? ఈ రెండూ తేలితే మిగతా సామాను ఎక్కడో ఒకచోట సర్దుకుంటుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే చుట్టాల కోసం హాలంతా అమర్చి, రోజూ ఉండే మనం మంచం మీద కూర్చుని ఫోన్లో పాటలు వినడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

మా హాల్లో అన్నిటికంటే ముందు చోటు దొరికింది స్పీకర్లకి. రెండు స్పీకర్లూ, కూర్చునే కుర్చీ కలిసి సమబాహు త్రిభుజంలా ఉండాలి. స్పీకర్ల మధ్య 6 అడుగులుంటే ఒక్కోదాని నుంచి కుర్చీకి కూడా 6 అడుగులే. సన్నటి శబ్దాలు పలికే చిన్న ట్వీటర్, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తుకి రావాలి. స్పీకర్‌ని గోడకి ఆనిస్తే, ముఖ్యంగా మూలకి నెడితే, బేస్, అంటే మంద్రమైన శబ్దం, ఉబ్బిపోయి గొంతుని మింగేస్తుంది. కాస్త ముందుకి జరిపి చూడండి. పాడే మనిషి రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యలో ఉన్నట్టే వినిపిస్తుంది. వేణువు వాయించేవాళ్లు ఊపిరి పీల్చుకోవడం కూడా తెలుస్తుంది. నాకు ఆ ఊపిరి వినిపించడమే సంగీతంలో సగం ఆనందం.

ఖాళీ గదిలో చప్పట్లు కొడితే ఖంగుమంటుంది కదా, శబ్దం ఎదురెదురు గోడల మధ్య కొట్టుకోవడం వల్లే అది. నేల మీద తివాచీ, కిటికీకి మందపాటి కర్టెన్ ఉంటే చాలావరకు తగ్గుతుంది. మేము కుర్చీ వెనక గోడంతా పుస్తకాల అలమర పెట్టించాం. పొట్టివీ పొడుగువీ, లావువీ సన్నవీ ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి శబ్దం తిన్నగా వెనక్కి రాకుండా చెదిరిపోతుంది. పుస్తకాలు వేరే గదిలో పెడదామని మా ఆయన అన్నప్పుడు నేను ఒప్పుకోకపోవడానికి ఇదొక కారణం. రెండోది, పాట వింటూ చెయ్యి వెనక్కి చాపితే పుస్తకం అందాలి.

అలమర చేయించేటప్పుడు బరువు గురించి వడ్రంగితో గట్టిగా మాట్లాడాలి. ఒక మీటరు పొడవున పుస్తకాలు పేరిస్తే 20 నుంచి 30 కిలోలు ఉంటాయి. పలక పొడవు రెట్టింపైతే దాని వంపు రెట్టింపుతో ఆగదు. అదే మందం చెక్క మీద అంతే ఒత్తుగా పుస్తకాలు పెడితే 16 రెట్లు అవుతుంది. అందుకే మాది 60 సెంటీమీటర్లకో నిలువు చెక్క. చెక్కపొట్టు అతికించి చేసే పార్టికిల్ బోర్డు వద్దు, మంచి ప్లైవుడ్ వేయించుకోండి. బయటి గోడకి అలమర పెడితే రెండు అంగుళాలు సందు వదలాలి. చెమ్మ చేరితే బూజు పడుతుంది, సిల్వర్ ఫిష్ పురుగులు బైండింగ్ జిగురు తినడానికి వచ్చేస్తాయి. ఎండ తగిలే చోటు అసలే వద్దు. ఎర్రట్టల రంగు ముందు వెలిసిపోతుంది, చవక కాగితం పచ్చబడి పెళుసెక్కుతుంది.

కింది అర మా అమ్మాయిది. అట్టలు బయటికి కనిపించేలా పెట్టాం, ఎందుకంటే ఇంకా చదవడం రాని పిల్లలు పుస్తకాన్ని బొమ్మ చూసి ఎంచుకుంటారు. మా అమ్మ పుస్తకాలు నడుము ఎత్తులో, వంగక్కర్లేకుండా. ఆవిడ కుర్చీ పక్కన భుజం మీదుగా వెలుతురు పడే స్టాండ్ ల్యాంప్. 20 ఏళ్ల కంటితో పోలిస్తే 60 ఏళ్ల కంటిలోపలికి చేరే వెలుతురు సుమారు మూడో వంతే. పెద్దవాళ్లు "చదవబుద్ధి కావట్లేదు" అంటే ముందు బల్బు మార్చి చూడాలి. అమ్మ దీపం మార్చాక రాత్రి పది దాటినా పుస్తకం దించట్లేదు.

స్పీకర్ల పక్కన రికార్డ్ ప్లేయర్. ఎక్కువసేపు మోగే ఎల్పీ రికార్డులు 1948లో వచ్చాయి, ఒక వైపు సుమారు 22 నిమిషాలు. అది అయిపోగానే లేచి తిప్పాలి. నాకది ఇబ్బంది కాదు, ఇష్టం. ఫోన్లో అయితే ఒక పాట సగంలో ఉండగానే వేలు ఇంకోదాని మీదకి పోతుంది. ఇక్కడ ముల్లు దించాక చిటపటమని రెండు క్షణాలు, తర్వాత తంబూరా శ్రుతి. ఇక కదలబుద్ధి కాదు. రికార్డుల్ని మాత్రం ఒకదాని మీద ఒకటి పేర్చకండి, వంకర పోతాయి. పుస్తకాల్లాగే నిలబెట్టాలి.

టీవీ లోపలి గదిలోకి వెళ్లింది. హాల్లో ఇద్దరు పట్టే సోఫాకే చోటు మిగిలింది. ఎక్కువమంది వస్తే మడత కుర్చీలున్నాయి. వచ్చినవాళ్లు కూడా ముందు అలమర దగ్గరికే వెళ్లి పుస్తకం తీస్తున్నారు, నాకు అంతకంటే మర్యాద అక్కర్లేదు. ఇప్పుడు నా కన్ను నడవా గోడ మీద పడింది. మామూలు పేపర్‌బ్యాక్‌కి 20 సెంటీమీటర్ల లోతు అర సరిపోతుంది, మనుషులు నడవడానికి అడ్డం రాదు. వడ్రంగిని పిలిచాను, ఆదివారం వచ్చి కొలుస్తానన్నాడు.