పసరు గ్లాసు, అశోక బెరడు

పెళ్లయిన నాలుగో ఏట కూడా కడుపు పండకపోవడంతో మా అత్తయ్యగారు నన్ను ప్రకాశం జిల్లాలోని ఒక పల్లెకు తీసుకువెళ్లి, మూడు ఉదయాలు వరుసగా పరగడుపున పసరు తాగించారు. అప్పటికే నేను వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి కళాశాలలో పాఠాలు చెబుతున్నాను కనుక ఆకు పేరేమిటని అడగకుండా ఉండలేకపోయాను. పేరు బయటపెడితే మందు పారదని వైద్యుడు మొహం తిప్పుకున్నాడు. అత్తయ్యగారు నా మోచేతిని గట్టిగా నొక్కారు. ఉప్పూ పులుపూ లేని చప్పిడి పథ్యం మాత్రం తు.చ. తప్పకుండా చేశాను.

మరుసటి ఏడు గర్భసంచిలోకి రంగుమందు ఎక్కించి తీసిన ఎక్స్‌రేలో నా అండవాహికలు రెండూ మూసుకుపోయాయని తేలింది. మన దేశంలో ఇలా జరగడానికి ముఖ్య కారణాల్లో క్షయ ఒకటి. దగ్గూ జ్వరమూ లేకుండానే అది గర్భాశయాన్నీ వాహికలనూ దెబ్బతీయగలదు. అండమూ వీర్యకణమూ కలుసుకునే దారే మూసుకుపోయిన చోట ఏ పసరైనా చేయగలిగేది ఏముంటుంది? ఆ మూడు ఉదయాలూ మావారు వసారాలో కూర్చుని కాఫీ తాగారు. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందిలో పురుషుడి వైపు కూడా లోపం ఉంటుందని తెలిసిన ఈ రోజుల్లోనూ పసరు గ్లాసు కోడలి చేతికే వస్తోంది.

ఇంత జరిగినా మొక్కల మందు మీద నాకు నమ్మకం పోలేదు. అన్నింటినీ కలిపి ‘ఆడవాళ్ల మందు’ అనేయడమే నాకు మింగుడుపడదు. అధిక రక్తస్రావాన్ని తగ్గించడం, బాలింతకు పాలు పడేలా చేయడం, అండం విడుదలయ్యేలా చేయడం, గర్భాన్ని నిలపడం, రాకుండా చేయడం అన్నీ వేర్వేరు పనులు. వాటిలో కొన్ని ఒకదానికొకటి ఎదురు కూడా.

అశోక బెరడునే తీసుకుందాం. ఆయుర్వేదంలో దాని ప్రధాన ఉపయోగం నెలసరిలో అధికంగా పోయే రక్తాన్ని అరికట్టడం. అందుకోసం తయారైన అశోకారిష్టాన్ని పిల్లలు పుట్టడానికని నెలల తరబడి తాగేవారిని నేను చాలామందిని చూశాను. పైగా మనవాళ్లు అశోక చెట్టనగానే చూపించేది బడుల ప్రహరీల వెంట స్తంభాల్లా నిటారుగా పెరిగే, అలల అంచుల ఆకులున్న చెట్టును. దాని పేరు నరమామిడి, అది సీతాఫలం కుటుంబానిది. అసలు అశోకం చింతా తంగేడూ ఉన్న కుటుంబానికి చెందినది. నారింజ, ఎరుపు రంగుల పూలు గుత్తులుగా కొమ్మలనే అంటిపెట్టుకుని పూస్తాయి, లేతాకులు రాగి రంగులో పాత గుడ్డపేలికల్లా వేలాడతాయి. బెరడు కోసం నరికివేయడం వల్ల ఆ చెట్టు అడవుల్లో అరుదైపోయింది, అందువల్ల నరమామిడి బెరడు అశోకం పేరుతో అంగడికి వస్తోంది. ఎండిన ముక్కలను చేతిలో పెట్టి ఏది ఏదో చెప్పమంటే నేనూ సూక్ష్మదర్శిని అడగవలసిందే.

నల్లమలలో దొరికే పిల్లితేగలకు, అంటే శతావరికి, బాలింతల పాల విషయంలో మంచి పేరు ఉంది. దానివల్ల అండాలు బలపడతాయని చెప్పే మాటలకు ఆధారం ఎక్కువగా ఎలుకల దగ్గరే ఆగిపోయింది.

విచిత్రమేమిటంటే, సంతానానికి వ్యతిరేక దిశలో పనిచేసే మొక్కల ప్రభావం ప్రయోగశాలల్లో ఎక్కువ స్పష్టంగా కనిపించింది. మందార పూల సారం ఆడ ఎలుకల్లో పిండం గర్భాశయానికి అంటుకోకుండా చేసింది. పచ్చి బొప్పాయి పాలు ఎలుక గర్భాశయాన్ని గట్టిగా సంకోచింపజేశాయి. పండిన బొప్పాయి రసం అలా చేయలేదు కనుక గర్భిణి పండు ముక్క తిన్నదని ఇల్లంతా హడలిపోనక్కరలేదు. చిత్రమూలం వేరు సంగతి వేరు. గర్భం పోగొట్టుకోవడానికి దానిని వాడి ప్రాణాలు పోగొట్టుకున్న స్త్రీలు మన పల్లెల్లో ఉన్నారు. ఆకుమందు కనుక హాని ఉండదని చెప్పేవారికి ఆ వేరు ఒక్కటి చాలు.

మొక్కలోని పదార్థం వేరు, మొక్కను తినడం వేరు. 1940ల్లో అమెరికా రసాయన శాస్త్రవేత్త రస్సెల్ మార్కర్ మెక్సికో అడవుల్లోని పెండలం జాతి దుంపలో ఉండే డయోస్‌జెనిన్ అనే పదార్థం నుంచి, గర్భాన్ని నిలిపే హార్మోనైన ప్రొజెస్టెరాన్ తయారుచేశాడు; 1951లో అక్కడి సింటెక్స్ సంస్థలో రూపుదిద్దుకున్న కృత్రిమ హార్మోను నారెథిండ్రోన్ తరువాత గర్భనిరోధక మాత్రల్లో చేరింది. మన చెంగల్వకోష్టు దుంపలోనూ డయోస్‌జెనిన్ ఉంది. అయితే దాన్ని హార్మోనుగా మార్చే పని ప్రయోగశాలలో జరుగుతుంది, మన శరీరంలో జరగదు. దుంప ఎంత తిన్నా అది ప్రొజెస్టెరాన్ కాదు.

ఇక ఆకుమందులో ఆకు మాత్రమే ఉంటుందన్న భరోసా కూడా లేదు. 2011, 2012 సంవత్సరాల్లో న్యూయార్క్ నగర ఆరోగ్యశాఖ ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉండటం గమనించి ఆరా తీస్తే, వారు భారతదేశంలో తయారైన ఆయుర్వేద మందులు వాడుతున్నారని బయటపడింది. సీసం తల్లి గర్భంలోని మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డను చేరుతుంది. హర్యానాలో కొడుకు పుట్టాలని గర్భం నిలిచాక ఇచ్చే మందుల్లో లింగదొండ గింజలు ఉంటాయి. వాటిని వాడిన తల్లులకు అవకరాలతో పిల్లలు పుట్టడం, చనిపోయి పుట్టడం ఎక్కువగా ఉందని అక్కడి పరిశోధకులు గుర్తించారు. ఆడో మగో ఫలదీకరణ నాడే తేలిపోయే విషయం కనుక ఆ గింజ మార్చగలిగేది ఏదీ లేదు, చెడగొట్టగలిగేది మాత్రం ఉంది.

మా కళాశాల తోటలో ఒకే ఒక్క అసలు అశోకం ఉండేది. నేను పదవీ విరమణ చేసే ఏడు దాని మొదలు చుట్టూ మూడడుగుల ఎత్తు వరకు ఎవరో రాత్రివేళ బెరడు వలుచుకుపోయారు. పక్కనే వరుసగా ఉన్న నరమామిడి చెట్ల మీద కత్తిగాటు ఒక్కటి కూడా లేదు. మేము ఫలకం మీద పేరు రాయించకపోయినా ఏది ఏదో తెలిసినవారే వచ్చారన్నమాట. చెట్టు మరుసటి వేసవికి ఎండిపోయింది.