వాచ్‌మన్ వేషం

స్టేజీ మీద ఒక్కడే నిలబడి నవ్వించే మన రాజాం కుర్రాడికి టీవీలో సొంత కామెడీ షో వచ్చింది. పొద్దున ఆఫీసులో కాలు పెట్టగానే ఇదే కబురు. ఎవరి స్కిట్‌లోనో మూల నిలబడే వేషం కాదు, షో పేరులోనే అతని పేరుంది. మధ్యాహ్నం క్యారేజీలు విప్పే వేళకి ఆఫీసంతా తిరిగి చెప్పింది నేనే. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా ప్రోమో చూశాను. అప్పటి నుంచీ మనసు మనసులో లేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని అత్తయ్య అన్నా పట్టించుకోలేదు.

ప్రోమోలో అతను హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్. భుజం మీద గళ్ల తువ్వాలు, చెవి మీద బీడీ. పై ఫ్లాట్ మేడమ్ నున్నటి టీవీ తెలుగులో ఏదో పని చెబుతుంది. ఇతను "బేగెల్లొచ్చేత్తానమ్మా" అంటాడు. వెంటనే టింగుమని ఒక సౌండు, వెనక రికార్డు చేసిపెట్టిన నవ్వులు, సోఫాలో గెస్టు పొట్ట పట్టుకుని పక్కకి వాలిపోవడం. ఆ ఒక్క మాటనే తిప్పి తిప్పి వేశారు, ఒకసారి స్లో మోషన్‌లో కూడా. అందులో జోకెక్కడుంది? పని చెబితే త్వరగా వెళ్లి వస్తానన్నాడు మనిషి. అదే మాట అత్తయ్య రోజుకి పదిసార్లు అంటారు, మా వీధిలో ఎవరూ పడిపోరు.

సినిమాల్లో చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. పనమ్మాయి, వాచ్‌మన్, విలన్ పక్కన తన్నులు తినేవాడు, వీళ్లకి మన ఉత్తరాంధ్ర మాట. కలెక్టరుకి, డాక్టరుకి, ప్రేమించే అమ్మాయికి వేరే మాట. మనవాడి షోలోనైనా అలా ఉండదనుకున్నాను. ఈయనతో అంటే "ప్రోమోకే ఇంత గొడవేంటి, షో రానీ" అన్నారు. ప్రోమోలో వేసింది కదా వాళ్లు అమ్ముకునేది! ఆ మాట ఈయనకి అర్థమయ్యేలోపే గురక.

మా విజయనగరం ఆనందగజపతి ఆడిటోరియంలో అతని స్టాండప్ చూసొచ్చి ఎంత మురిసిపోయానో అప్పుడే రాశాను. పాస్‌బుక్ ముక్క గుర్తుందా? వాళ్లమ్మకి పింఛను పడినట్టు ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, ఆవిడ నమ్మదు. ఎండలో బస్సెక్కి రాజాం వెళ్లి, బ్యాంకులో ఆ మెషిన్ పుస్తకాన్ని కిర్రుకిర్రుమంటూ మింగి బయటికి ఉమ్మేదాకా నిలబడుతుంది. అచ్చు పడిన గీత మీద వేలు పెట్టి రాసి చూసుకుని, "పుస్తకమ్మీదెక్కితేనే ఎక్కినట్టు బాబూ" అంటుంది. అక్కడ అతను ఊరికే నిలబడిపోయాడు. ఏమీ అనడు, మనల్ని చూస్తాడంతే. హాలు పగలబడి నవ్వింది. ఆ ఆగడం టీవీలో ఎక్కడ బతుకుతుంది? అరగంట షో అంటే ప్రకటనలు పోగా ఇరవై చిల్లర నిమిషాలు. ఎడిటింగ్‌లో మొదట కత్తెర పడేది మౌనానికే, ఆ ఖాళీలోకి టింగు వచ్చి కూర్చుంటుంది.

ఇంకో సంగతి. ఆ ముక్కలో బ్యాంకు మేనేజరు కూడా వాళ్లమ్మలాగే మాట్లాడతాడు. "మెసేజొచ్చింది గదమ్మా, మల్లీ ఇంత దూరం ఏటికొచ్చేవు" అంటాడు. ఇద్దరిదీ ఒకే మాట కాబట్టి నవ్వంతా ఆ పుస్తకం మీదికే పోయింది. ఒక్కడే స్టేజీ మీద ఉంటే అన్ని గొంతులూ వాడివే. ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథకి చిరతలు పట్టి, గజ్జె కట్టి, రాజూ తానే బంటూ తానే అయిన ఊళ్లో ఉంటున్నాం, ఇది మనకి ఒకరు చెప్పాలా? టీవీలో స్కిట్ అలా కాదు. మేనేజరుకి వేరే నటుడు, మేడమ్‌కి వేరే నటి, మాటలు రాసేది ఇంకెవరో. ఎవరు ఎలా మాట్లాడాలో తేల్చేది అతను ఒక్కడే కాదు.

టీవీ వాళ్లు మన మాటని ఎప్పుడూ కిందికే తోస్తారని ఇక్కడ రాయబోయాను. చెయ్యి ఆగింది. నాన్న గుర్తొచ్చారు.

నాన్న బుర్రకథ దళంలో హాస్యం వంత, అంటే కథకుడి పక్కన నిలబడి నవ్వించేవారు. మధ్యలో తంబురాతో కథకుడు, కుడిచేతివైపు రాజకీయం చెప్పే వంత, ఎడమవైపు గుమ్మెట పట్టుకుని నాన్న. శీతాకాలం మంచుకి గుమ్మెట తోలు మెత్తబడిపోయేది. అమ్మవారి సంబరాలప్పుడు తెల్లవార్లూ కథ, మధ్యమధ్యలో దిగొచ్చి నిప్పుల దగ్గర తోలు కాచుకుని, వేళ్లతో టకటకా కొట్టి చెవి పెట్టి విని, మళ్లీ ఎక్కేవారు. ఆ వేడి తోలు వాసన నాకిప్పటికీ తెలుసు. కథకుడు రాజుగా మాట్లాడితే పుస్తకం చదివినట్టుండేది. నాన్న బంటు, మన మాట. జనం నవ్వేది నాన్నకే. సర్కారు కుటుంబ నియంత్రణ కథలు చెప్పించినప్పుడు కూడా అంతే, డాక్టరుగారు కథకుడు, పిల్లల్ని కన్నవాడు నాన్న!

ఒక రాత్రి కథకుడి గొంతు పూర్తిగా పోయింది. కథ సగంలో ఉంది, జనం లేవడం లేదు. నాన్న తంబురా అందుకున్నారు. రాజు వేషానికి ఆయన దగ్గర వేరే భాష లేదు. "ఏటిరా మంత్రీ, ఇన్ని పన్నులేసేత్తే జనం ఏటి తింతారు?" అన్నారు. ముందు గొల్లున నవ్వారు. రాజు మళ్లీ అడిగాడు, "సెప్పరా, ఏటి తింతారు?" ఈసారి నవ్వు తగ్గింది. మూడోసారి అడిగేసరికి వెనక చాపల మీద పడుకున్న ముసలాళ్లు లేచి కూర్చున్నారు. ఒకాయన "అదీ అడగాల!" అని గట్టిగా అరిచాడు. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు గుచ్చుకుంది. పొద్దున సంభావన ఇచ్చేటప్పుడు ఊరి పెద్ద ఒకాయన "కథ బాగుంది గానీ, రాజు అలాగ మాటాడతాడేటయ్యా" అన్నాడు. అన్నది ఏ మాటలో? ఇదే మాటలో. తర్వాత కథకుడికి గొంతు వచ్చింది, నాన్న మళ్లీ ఎడమవైపుకి వెళ్లిపోయారు. ఆ కోపం నాకు ఇంకా ఉంది.

అంటే టీవీ లేనప్పుడే మన అరుగు మీద మనమే ఆ వాటాలు వేసుకున్నాం. ప్రోమో కోసిన వాళ్లొక్కరినే తిట్టి ఏం లాభం? ఇంతవరకు టైప్ చేశాక నాకు అతని షో మీద ఆశే పుట్టుకొస్తోంది. ఇప్పుడు తంబురా అతని చేతిలో ఉంది కదా. స్టాండప్‌లో మేనేజరు గొంతు అతను అనుకరిస్తేనే వినిపించేది. ఇక్కడ నిజంగా ఒక మేనేజరుని కోటు తొడిగి కుర్చీలో కూర్చోబెట్టి, నెల్లూరు నుంచో వరంగల్ నుంచో వచ్చిన నటుడికి మన మాట నేర్పించి పలికించవచ్చు. అది ఒక్కడు చేయగల పని కాదు, షో ఉంటేనే అవుతుంది.

కానీ పేరుకి సొంతమా, పెత్తనం కూడా సొంతమా అన్నది తేలాలి. అమృత్‌సర్ నుంచి వచ్చిన హిందీ కమెడియన్ కపిల్ శర్మ 2007లో లాఫ్టర్ చాలెంజ్ అనే టీవీ హాస్య పోటీ గెలిచాడు. సొంత షో 2013లో, దానికి నిర్మాత కూడా తనే. అదే ఏడాది ఇక్కడ ఈటీవీలో జబర్దస్త్ మొదలై ఎక్కడెక్కడి పిల్లల్నో టీమ్ లీడర్లని చేసింది, అది చిన్న మేలు కాదు. మనవాడి చేతికి ఎంత ఇచ్చారో తెలిసినవాళ్లని రేపు ఆఫీసులో అడగాలి. రాజాం వాళ్లు ఇద్దరున్నారు, 2022లో రాజాం విజయనగరం జిల్లాలోకి మారినా ఇంకా శ్రీకాకుళం వాళ్లమనే చెప్పుకుంటారు. వాళ్లకి వాళ్లింటి సంగతులు తెలుస్తాయి.

ఆ చానెల్ మా ప్యాకేజీలో లేదు. కేబుల్ అబ్బాయికి పొద్దున్నే చెప్పాలి. అదే టైముకి అత్తయ్య సీరియల్ ఉంది, దాన్ని మర్నాడు మళ్లీ వేస్తారులే అంటే మూతి ముడిచారు. ఆవిడకి పాస్‌బుక్ ముక్క చెప్పాను. నవ్వలేదు, "మరి నిజమే గదేటి" అన్నారు. ఆదివారం ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకునే చూస్తాను. పాస్‌బుక్ కథ వేస్తే ఆ మేనేజరు ఏ మాట మాట్లాడతాడో వినాలి.