కట్టె దిమ్మె

ఈ ఉదయం కారు తనంతట తాను వెనక్కి జరిగింది. షెడ్డు ముందున్న చిన్న వాలు మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, తలుపులు తెరవడానికి దిగాను. నాలుగడుగులు వేశానో లేదో, టైర్ల కింద గులకరాళ్ళు నలిగిన చప్పుడు వినిపించింది. పరుగున వెళ్ళి కాలి బ్రేకు తొక్కితే ఆగింది. జరిగింది ఒక్క అడుగే, వెనుక మనుషులెవరూ లేరు. అయినా చాలాసేపు సీటులోంచి లేవలేకపోయాను.

ఈ కారు 1964లో తయారైంది. నాన్నగారు దాచుకుని, నాకు అప్పగించి వెళ్ళిన వస్తువు. దాని ఒంట్లో ఏ చప్పుడు ఎక్కడిదో నాకు తెలుసని అనుకునేవాణ్ణి. హ్యాండ్‌బ్రేక్ విషయంలో మాత్రం ఏడాదిగా తప్పు చేస్తూ వచ్చాను. లీవరు వదులైనట్టు అనిపించినప్పుడల్లా దాని కింద ఉన్న నట్టును ఒక చుట్టు బిగించేవాణ్ణి. రెండు రోజులు బాగానే ఉండేది, మళ్ళీ వదులయ్యేది, మళ్ళీ బిగించేవాణ్ణి. పోయిన నెలలో ఒకసారి దిగి చూస్తే కుడి వెనుక చక్రం వేడిగా తగిలింది. అప్పుడే ఆగి ఆలోచించాల్సింది.

పని మొదలుపెట్టేసరికి ఎండ పైకొచ్చింది. చదునైన చోటికి కారు తెచ్చి, ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టి, గేరు తీసేశాను. వెనుక భాగం జాకీతో లేపి, యాక్సిల్ కింద స్టాండ్లు పెట్టాను. జాకీ మీద నమ్మకంతో కారు కిందికి దూరకూడదని నాన్నగారు పదేపదే చెప్పేవారు. అందుకే ముందు కారును చేత్తో అటూ ఇటూ ఊపి చూసుకున్నాను.

లీవరును మూడు పళ్ళు, అంటే మూడు టక్కులు, లాగి చక్రాలు తిప్పి చూస్తే కుడిది కదల్లేదు. ఎడమది మాత్రం బ్రేకన్నదే లేనట్టు హాయిగా తిరిగింది. కిందికి వంగి చూశాను. లీవరు లాగిన బలాన్ని రెండు చక్రాలకూ పంచే బద్ద ఒకటి ఉంటుంది. కావడిలా సమంగా నిలవాల్సిన ఆ బద్ద ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. కుడి కేబుల్ కదులుతోంది, ఎడమది బిగుసుకుపోయింది. ఇన్నాళ్ళూ నేను బిగించిన ప్రతి చుట్టూ కుడి చక్రం మీదే పడింది. చక్రంతో పాటు తిరిగే గిన్నెలాంటి డ్రమ్మును లోపలి నుంచి నొక్కి ఆపే వంపు బద్దలే షూలు. ఆ చక్రం షూలు డ్రమ్మును పూర్తిగా వదలకుండా రాసుకుంటూ వచ్చాయి. ఆ వేడి అందుకే. కారు మొత్తం ఒకే చక్రం పట్టు మీద నిలబడుతూ వచ్చిందన్న సంగతి అక్కడ నేల మీద పడుకుని ఉండగా బోధపడింది.

కాలి బ్రేకు ద్రవం ఒత్తిడితో పనిచేస్తుంది. ఆ ద్రవం ఎక్కడ కారిపోయినా మిగిలేది ఈ ఇనుప తీగే. అందుకే దాన్ని వేరుగా, చేతి బలంతోనే పట్టేలా పెట్టారు. ఐక్యరాజ్యసమితి కార్ల బ్రేకులకు రాసిన 13-హెచ్ నిబంధన ప్రకారం పార్కింగ్ బ్రేకు నిండు బరువుతో ఉన్న కారును 20 శాతం వాలు మీద కదలకుండా ఆపాలి. అంటే వంద మీటర్లు ముందుకు పోతే ఇరవై మీటర్లు ఎత్తెక్కే దారి. నా కారు ఆ నిబంధన కంటే చాలా పాతది. అయినా నా షెడ్డు ముందున్నది అందులో నాలుగో వంతు వాలు కూడా కాదు.

ఎడమ డ్రమ్ము ఒక పట్టాన ఊడి రాలేదు. లోపలి అడ్జస్టరును వెనక్కి తిప్పి షూలను దగ్గరికి రప్పించి, కట్టె సుత్తితో అంచు చుట్టూ ఓపికగా తట్టాక వచ్చింది. లోపలంతా నల్లటి ధూళి. ఆ కాలపు బ్రేకు లైనింగుల్లో, అంటే షూల మీద ఉండే రాపిడి పొరల్లో, ఆస్‌బెస్టాస్ వాడటం మామూలు. ఊపిరితిత్తులకు అది ప్రాణాంతకం. కాబట్టి నోటితో ఊదడం గానీ, గాలి పంపు పెట్టడం గానీ చేయకూడదు. మాస్కు కట్టుకుని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటకట్టాను.

లైనింగు రివెట్ల తలల కంటే బాగా ఎత్తుగానే ఉంది. కాలి బ్రేకు తొక్కినప్పుడు షూలను నెట్టే వీల్ సిలిండర్ నుంచి ద్రవం కారిన జాడ లేదు. అసలు రోగం కేబుల్‌లో దొరికింది. పై తొడుగు చక్రం దగ్గర చిట్లి, నీరు లోపలికి దిగి, తీగంతా తుప్పు పట్టింది. షూను నెట్టే చిన్న లీవరు కూడా దాని పిన్ను దగ్గర కరుచుకుపోయింది. స్ప్రింగులు విప్పే ముందు ఫోటోలు తీసుకున్నాను. కుడివైపు ముట్టుకోలేదు. ఏ స్ప్రింగు ఏ రంధ్రంలోదో అనుమానం వస్తే చూసుకోవడానికి అదొక నమూనాగా ఉండాలి.

పిన్నును ఎమరీ కాగితంతో రుద్ది మెరిపించి, వేడికి కరగని గ్రీజు పలచగా రాశాను. లైనింగుకు తగలకుండా ఆ గ్రీజు రాయడానికి అరగంట పట్టింది. రెండేళ్ళ కిందట తెప్పించి దాచిన కేబుళ్ళ జత ఉంది. ఒకటి పాతది, ఒకటి కొత్తది అయితే లాగుడు సమంగా ఉండదు కనుక, ఎడమవైపు అంతా బిగించాక కుడిదీ మార్చేశాను.

తర్వాత సర్దుబాటు. ఏడాదిగా నేను తలకిందులుగా చేసింది దీన్నే. లీవరు దగ్గరి నట్టు పూర్తిగా వదులు చేసి, మొదట చక్రాల దగ్గర మొదలుపెట్టాలి. అడ్జస్టరును చక్రం ఆగిపోయేదాకా బిగించి, స్వేచ్ఛగా తిరిగేదాకా వెనక్కి వదలాలి. కాలి బ్రేకు నాలుగుసార్లు తొక్కితే షూలు నడుమకు సర్దుకుంటాయి. అప్పుడు మరోసారి చూడాలి. కేబుల్ బిగింపు చిట్టచివర. ఈసారి ఐదో పన్ను దగ్గర రెండు చక్రాలూ ఒకేసారి నిలిచాయి. లీవరు దించగానే రెండూ తేలిగ్గా తిరిగాయి. కింద బద్ద సమంగా ఉంది.

సాయంత్రం మళ్ళీ అదే వాలు మీద నిలిపాను. గేరు తీసి, కాలు బ్రేకు మీద నుంచి మెల్లగా ఎత్తాను. కదల్లేదు. అలాగే కూర్చుని ఐదు నిమిషాలు గడియారం చూశాను.

కారు షెడ్డులో పెట్టాక నాన్నగారి కట్టె దిమ్మె చేతికి తగిలింది. కారు నిలిపి ఉంచే రోజుల్లో ఆయన హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంచేవారు కాదు. చెమ్మకు షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయని గేరులో వదిలి, చక్రం వెనుక ఈ దిమ్మె పెట్టేవారు. అదంతా నేనూ చేస్తున్నాను. కానీ ప్రతి ఆదివారం ఆయన తలుపు తెరిచి కూర్చుని లీవరును పదిసార్లు లాగి దించేవారు. వంటింట్లోకి కూడా ఆ టకటక వినిపించేది. తీగ తొడుగులో బిగుసుకోకుండా ఉండటానికని ఇవాళ అర్థమైంది. ఆ సగం నేను మానేశాను.

దిమ్మె పెట్టి, గేరు వేసి, లీవరును పదిసార్లు లాగి దించాను.