గేటు దగ్గర తీసుకున్న నా మల్టీటూల్‌ని ఎలా తిరిగి తెచ్చుకున్నానంటే

ఈ మధ్యాహ్నమే నా మల్టీటూల్, అంటే కత్తి, ప్లయర్ లాంటివన్నీ ఒకదాంట్లోనే మడిచి ఉండే పనిముట్టు, తిరిగి చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. ఇలాంటిది బ్యాగులో పెట్టుకుని తిరిగేవాళ్లు విశాఖలో నాలాగే చాలామంది ఉన్నారు, వాళ్లకి పనికొస్తుంది.

నేను నర్సింగ్ హోముల్లో ఈసీజీ మెషిన్లు, పేషెంట్ మానిటర్లు రిపేరు చేస్తాను. గోపాలపట్నం నుంచి గాజువాక దాకా బండి మీదే తిరుగుడు. నా దగ్గరున్నది లెదర్‌మన్ కంపెనీవాళ్ల వేవ్ అనే మోడల్. మడిస్తే 4 అంగుళాలు. మధ్యలో ప్లయర్, చుట్టూ కత్తి, రంపం, ఆకురాయి, కత్తెర, స్క్రూడ్రైవర్లు. కేబుల్ టై కోయాలన్నా, వైరు తొక్క తీయాలన్నా, బ్యాటరీ మూత విప్పాలన్నా అదే. 1975లో టిమ్ లెదర్‌మన్ అనే అమెరికన్ పాత ఫియట్ కారులో యూరప్ తిరుగుతూ, మాటిమాటికీ మొరాయించే ఆ కారుని జేబుకత్తితో బాగుచేసుకోలేక, దీనికి ఒక ప్లయర్ కూడా ఉంటే బాగుండును అనుకున్నాడట. అలా ఆయన చేసిన మొదటి మల్టీటూల్ అమ్మకానికి వచ్చింది 1983లో. అంటే రిపేరు కోసమే పుట్టిన వస్తువు ఇది.

నాన్న పింఛను కాగితాల పని మీద ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాను. గేటు దగ్గర గార్డు నా బ్యాగు తెరిచి, దాన్ని తీసి, అందరికీ కనబడేలా పైకెత్తి, "ఈవిడ కత్తి తెచ్చిందండీ" అని లోపలికి కేకేశాడు. లైన్లో ఎవరో "కోడికత్తేటి?" అన్నాడు. 2018 అక్టోబరులో మన ఎయిర్‌పోర్టు లాంజ్‌లో, అప్పటి ప్రతిపక్ష నేత జగన్ మీద కోడికత్తితో దాడి జరిగినప్పటి నుంచి మన ఊళ్లో చిన్న బ్లేడు కనబడినా ఈ మాటే. లైనంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. పందెం కోడి కాలికి కట్టే కత్తికీ, నాకు అన్నం పెట్టే పనిముట్టుకీ తేడా తెలియనివాళ్లా వీళ్లంతా?

లోపలికి తేవొద్దంటే సరే, అది వాళ్ల నిబంధన, నాకేం అభ్యంతరం లేదు. రసీదు ఇమ్మన్నాను. "ఎక్కడికీ పోదమ్మా, వెళ్లేటప్పుడు తీసుకో" అన్నాడు. మళ్లీ అడిగాను. వెనకాల జనం గొణుగుతున్నారు, ఆయన మొహం తిప్పేసుకున్నాడు.

పింఛను పని ఇట్టే అయిపోయింది.

బయటికొస్తే గేటు దగ్గర వేరే గార్డు. డ్యూటీ మారిందట, తనకేం తెలీదట. ఆయనే ఇంకెవరికో ఫోన్ చేసి, పోలీసు ఔట్‌పోస్టులో ఇచ్చేశారని చెప్పాడు. అక్కడ సార్ రౌండ్స్‌లో ఉన్నారు, రేపు రమ్మన్నారు. ఆ రేపు కాస్తా ఇంకా కొన్ని రేపులయింది. ఈలోగా నర్సింగ్ హోముల్లో వాచ్‌మన్‌ని బ్లేడు అడిగి, కాంపౌండరుని కత్తెర అడిగి పని నెట్టుకొచ్చాను.

చివరికి హెడ్ కానిస్టేబుల్ గారు దొరికారు. బీరువాలోంచి దాన్ని తీసి, టేబుల్ మీద పెట్టి, ఒక్కొక్కటీ తెరవడం మొదలెట్టారు. కత్తి వచ్చింది. అంచుకి రంపంలా పళ్లున్న కత్తి వచ్చింది. రంపం వచ్చేసరికి కుర్చీలో ముందుకు జరిగారు. "ఇందులో రంపం కూడా ఉందేటమ్మా? ఆడపిల్లవి, నీకెందుకివన్నీ? ఎవడైనా ఏడిపిస్తున్నాడా?" ఆ చిన్న గదిలో ఉన్నవాళ్లంతా నావైపు తిరిగారు. నా పని ఏమిటో చెప్పాను. ఐడీ కార్డు చూపించాను. ఆయన వినడం లేదు, తెరిచిన రంపాన్ని మూయలేక తంటాలు పడుతున్నారు. "ఇటివ్వండి సార్, నేను మూస్తాను" అంటే "నువ్వు ముట్టుకోకు" అన్నారు. నా వస్తువు నేను ముట్టుకోకూడదు! పిడి లోపలి అంచున సన్నటి రేకు ఉంటుంది, దాన్ని బొటనవేలితో పక్కకి నొక్కి పట్టుకుని రంపాన్ని మడవాలి, వేలు దారికి అడ్డం రాకూడదు అని దూరం నుంచే చెప్పాను. నాలుగు బ్లేడులూ అలా నేను చెబుతుంటే ఆయన మూశారు.

అప్పుడు చూశాను, పెద్ద బ్లేడు మీద మామిడిపండు రసం ఎండి పసుపుపచ్చగా అట్టకట్టింది. ఆయుధమని నా దగ్గర తీసుకున్నదాంతో ఎవరో పండు కోసుకుని తిన్నారు. కడగను కూడా లేదు. లైన్లో నవ్వినప్పటి కంటే ఇది ఎక్కువ కడుపు మండించింది.

ఆ తర్వాత ఒక కాగితం నా ముందుకు తోశారు. నా దగ్గర ఆయుధం దొరికిందని, ఇంకెప్పుడూ తేనని రాసి ఉంది. సంతకం పెడితే ఇప్పుడే ఇచ్చేస్తామన్నారు. పెట్టలేదు. మీరు కూడా పెట్టకండి. రేపు ఏ చిన్న గొడవలో మీ పేరొచ్చినా ఆ కాగితమే బయటికొస్తుంది. నేను ముందు రాత్రే 1959 ఆయుధాల చట్టం, 2016 నియమాలు చదువుకుని వెళ్లాను. ఆ నియమాల పట్టికలో కత్తులకి కొలత చెప్పారు, బ్లేడు 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటితేనే ఆయుధం కింద లెక్క. అందులోనూ ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమల అవసరాలకి చేసినవి మినహాయింపు. నా బ్లేడు 3 అంగుళాలు కూడా లేదు. ఇదంతా తెల్లకాగితం మీద రాసి, కొన్నప్పటి బిల్లు ప్రింటు, ఐడీ కార్డు జిరాక్సు జతచేసి ఎస్సై గారికి ఇచ్చాను. ఆయన చదివి, ఒక నర్సింగ్ హోమ్‌కి ఫోన్ చేసి కనుక్కుని, రిజిస్టరులో రాయించి ఇచ్చేశారు. చదివే ఓపిక ఉన్న మనిషి ఒక్కరు చాలు.

జేబుకత్తి పెట్టుకోవాలా వద్దా అని నన్ను అడిగితే, పనికొచ్చేవాళ్లు తప్పకుండా పెట్టుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరిని ఊడ్చేశాక, మా వీధిలో తెగి వేలాడుతున్న తాళ్లూ, మెట్ల మీద పడ్డ కొమ్మలూ కోసి దారి చేసింది షిప్‌యార్డులో రిటైరైన మా నాన్న, తన మడతకత్తితో. ఆ చేతిపని నాకూ వచ్చింది, ఆ మాట గర్వంగానే చెప్తాను. అయితే ఆత్మరక్షణకని మాత్రం పెట్టుకోకండి. అమ్మాయిలకి ముఖ్యంగా చెప్తున్నాను. కత్తి తీశాక అది ఎవరి చేతికి పోతుందో చెప్పలేం. 112కి ఫోన్ చేయండి, జనం ఉన్న చోటికి పరుగెత్తండి. బటన్ నొక్కితే తెరుచుకునే స్ప్రింగు కత్తుల జోలికీ పోవద్దు.

బిల్లు ఫొటో ఫోన్లో ఉంచుకోండి. గేటు దగ్గర తీసుకుంటే రసీదు ఇవ్వనిదే కదలకండి, ఇవ్వకపోతే వెనక్కి తీసుకుని బండి డిక్కీలో పెట్టి తాళం వేసి రండి. విమానమెక్కితే చెక్-ఇన్ లగేజీలోనే పెట్టాలి, చేతిబ్యాగులో దొరికితే తిరిగొస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ఎన్నికలప్పుడు, గొడవలప్పుడు పోలీసులు 163 సెక్షన్ పెడతారు, పాత 144 అన్నమాట. అప్పుడు ఇంట్లో వదిలేయండి. మన సముద్రపు గాలికి కీళ్లు ఊరికే తుప్పు పడతాయి, వారానికోసారి కుట్టుమిషను నూనె చుక్క వేయండి.

ఇంటికొచ్చి వేడినీళ్లు, పాత టూత్‌బ్రష్‌తో ఆ మామిడి జిగురు వదిలించాను. మరక పూర్తిగా పోలేదు. ఆ గేటు దగ్గర సందర్శకుల వస్తువులు తీసుకుంటే రసీదు ఇవ్వాలన్న నిబంధన ఉందా, ఉంటే నాకెందుకివ్వలేదు అని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాసి, 10 రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేశాను. రేపు స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. 30 రోజుల్లో జవాబివ్వాలి.