ముంజేతి మీద మాయలేడి: పచ్చబొట్టుతో నా అనుభవం

అనంతపురంలో పచ్చబొట్టు వేయించుకోవాలనుకునే వారికి నేను ముందుగా చెప్పేది, ఎండాకాలం వద్దని. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చెమట, దుమ్ము పచ్చి గాయానికి పడవు. అందుకే డిసెంబరు దాకా ఆగాను.

బొమ్మ మాత్రం ఎప్పుడో అనుకున్నదే. నిమ్మలకుంట ఊళ్లో చేసే తోలుబొమ్మల్లోని మాయలేడి, మెడ వెనక్కి తిప్పి చూస్తున్నది. తోలుకు కొట్టిన సన్నని రంధ్రాల్లోంచి దీపం వెలుగు చుక్కలుగా కనిపిస్తుంది కదా, ఆ చుక్కలన్నీ నాకు ముంజేతి మీద కావాలి. పచ్చబొట్టు వేసే అమ్మాయి కాగితం మీద గీసి చూసి, "ఇంత దగ్గరగా వేస్తే కొన్నేళ్లకు చుక్కలు కలిసిపోతాయక్కా, బొమ్మ కొంచెం పెద్దది చేద్దాం" అంది. చర్మంలో ఇంకు కాలం గడిచేకొద్దీ కాస్త పరుచుకుంటుందట. చిన్న బొమ్మ వేసి పంపేయకుండా ఆ మాట చెప్పినందుకే ఆమె మీద గురి కుదిరింది.

ముందురోజు రాత్రి బాగా నిద్రపోయి, పొద్దున కడుపునిండా ఉగ్గాని తిని వెళ్లాను. ఖాళీ కడుపుతో వెళ్తే కళ్లు తిరగవచ్చు. సూది ప్యాకెట్టు నా కళ్లముందే చింపింది, గ్లౌజులు కొత్తవి తొడుక్కుంది, ఇంకు సీసాలో సూది ముంచకుండా చిన్న గిన్నెలో వేరుగా పోసుకుంది. ఇవి చూడనిదే ఎవరూ చేయి చాపకూడదు. హెపటైటిస్ బి, సి వంటివి ఒకరి సూది నుంచి మరొకరికి సోకుతాయి.

అసలు పని ఇంటికొచ్చాకే. చేతులు సబ్బుతో కడుక్కుని, ఆ చోటును గోరువెచ్చని నీళ్లతో, వాసన లేని సబ్బుతో మునివేళ్లతోనే కడిగి, శుభ్రమైన మెత్తని గుడ్డతో అద్ది, ఆమె చెప్పిన లేపనం పలచగా రాసేదాన్ని. మందంగా పూస్తే గాయం చెమ్మగిల్లి మానడం ఆలస్యమవుతుంది. అమ్మ పసుపు గిన్నె తెచ్చింది. "వంటింటి పసుపులో ఏ దుమ్ముందో తెలియదమ్మా, పచ్చి గాయంలోకి పొడి వద్దు" అంటే కాసేపు వాదించి ఒప్పుకుంది.

తర్వాత దురద మొదలైంది. లేడి గిట్టల దగ్గర చర్మం ఉల్లిపొరలా లేచి, నల్లచుక్కలతో సహా రాలింది. రంగంతా పోతోందని అమ్మ కంగారుపడింది. రాలేది పైపొరే, ఇంకు నిలిచేది దాని కింది పొరలో. గోకకుండా అరచేత్తో మెల్లగా తట్టేదాన్ని. స్కూటీ మీద వెళ్లేటప్పుడు వదులైన నూలు చొక్కా నిండు చేతులది వేసుకున్నాను. గాయం పూర్తిగా మానాకే సన్‌స్క్రీన్ రాయాలి.

పైచర్మం మానడానికి సాధారణంగా రెండు మూడు వారాలు పడుతుంది, లోపల ఇంకా ఎక్కువ. అప్పటివరకు ఈత వద్దు. ఎరుపు రోజురోజుకూ పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాల్సిందే. చక్కెర వ్యాధి ఉన్నవారు ముందే వైద్యులను అడగాలి.

రక్తదానం చేసేవారికి ఇంకొక మాట. మన దేశంలో పచ్చబొట్టు తర్వాత 12 నెలల పాటు రక్తం తీసుకోరు. నేను దీనికి చాలా ముందే వెళ్లి ఇచ్చి వచ్చాను.