'కమిటెడ్' అంటే ఎనిమిదికి ఎంత?

విశాఖలో పీజీ పిల్లల్ని "నువ్వు కమిటెడా?" అని అడిగితే, లవర్ ఉన్నారా లేరా అని అడిగినట్టే లెక్క. దానికి స్కేలు (మార్కులేసే ప్రశ్నావళి) అక్కర్లేదు. సైకాలజీ ప్రాజెక్టులో కొలవాల్సింది వేరు: ఈ బంధం నిలవాలని ఎంత గట్టిగా ఉంది, తెగితే ఎంత బాధ, ముందుచూపు ఎంత దూరం.

దీనికి బాగా వాడుకలో ఉన్నది రస్‌బుల్ట్, మార్ట్జ్, ఆగ్న్యూ అనే పరిశోధకులు 1998లో ప్రచురించిన ఇన్వెస్ట్‌మెంట్ మోడల్ స్కేల్. కమిట్‌మెంట్‌కి 7 వాక్యాలు. తృప్తి, ప్రత్యామ్నాయాలు (ఈ బంధం బదులు ఉన్న వేరే దారులు), పెట్టుబడి ఒక్కోదానికి 5. ప్రతి వాక్యానికీ 0 నుంచి 8 దాకా మార్కు. పెట్టుబడి అంటే డబ్బనుకునేరు. గడిపిన కాలం, చెప్పుకున్న రహస్యాలు, ఇద్దరికీ ఒకటైపోయిన స్నేహితులు. రోజూ పోట్లాడుకుంటూనే నాలుగేళ్లుగా విడిపోని జంటలుంటాయి కదా, అందుకే తృప్తి ఒక్కటే అడిగితే చాలదు.

తెలుగులో పెట్టేటప్పుడు దెబ్బ తినేది కమిట్‌మెంట్‌లోని 3, 4 వాక్యాల దగ్గర. ఈ రెండూ తిరగేసినవి, అంటే మార్కు ఎక్కువైతే కమిట్‌మెంట్ తక్కువని. "మా బంధం తెగిపోయినా నాకు పెద్దగా బాధ ఉండదు" అని రాస్తే, చదివిన అమ్మాయి "ఎందుకుండదు, ఉంటుంది!" అనుకుంటూ 8 చుట్టేస్తుంది. చుట్టాల్సింది 0. "తెగిపోతే తేలిగ్గా తీసుకుంటాను" అంటే అర్థం అదే దిశలో ఉంటుంది, 'కాదు-లేదు' గొడవ ఉండదు.

నాలుగోది ఇంకా చిక్కు. ఏడాదిలోపు వేరేవాళ్లతో డేటింగ్ చేసే అవకాశం ఉందా అన్నది దాని సారం. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని 6 వేసిన వాళ్ల ప్రేమ తక్కువని కాదు, అది అమ్మానాన్నల మార్కు. "నా అంతట నేను" అని చేర్చండి. ఇంటి ఒత్తిడిని విడిగా అడగండి. మనసుతో ఉండటం వేరు, కదల్లేక ఉండటం వేరు అని స్టాన్లీ, మార్క్‌మన్ 1992లోనే విడదీశారు. మార్చిన సంగతి రిపోర్టులో రాయాలి. అసలు వాక్యాలు చూడని ఇంకొకరితో తెలుగు వాక్యాల్ని మళ్లీ ఇంగ్లీషులోకి చేయించి, అసలుతో పోల్చాలి. తర్వాత పదిమందిచేత పైకి చదివించి, ఎక్కడ ఆగుతున్నారో చూడాలి.

కమిట్‌మెంట్ 7 వాక్యాలకీ ఒకరి మార్కులు 8, 7, 2, 1, 6, 8, 5 వచ్చాయనుకోండి. 3, 4 వాక్యాల మార్కుల్ని 8లోంచి తీసేస్తే 6, 7 అవుతాయి. మొత్తం 47, సగటు 6.71. తిప్పడం మర్చిపోతే 37, సగటు 5.29. పేపరు మీద మనిషి మారిపోయినట్టే.

ఆర్కే బీచ్ గట్టు మీద జంటని పక్కపక్కనే కూర్చోబెట్టి నింపించొద్దు. పక్కవాళ్ల కాగితంలోకి తొంగిచూసి ఇద్దరూ అన్నీ 8లే వేస్తారు. విడివిడిగా, పేర్లు లేకుండా, కోడ్ నంబరుతో ఇవ్వండి. ఇక 60 జంటలంటే 120 విడి మనుషులు కాదు. ఒకరి మార్కు రెండోవాళ్ల మార్కుతో ముడిపడి ఉంటుంది కాబట్టి, మామూలు కోరిలేషన్ (రెండు మార్కుల మధ్య సంబంధం లెక్క) వేస్తే, యాదృచ్ఛికంగా వచ్చినది కూడా నిజమైన సంబంధంలా కనపడొచ్చు. ఆల్ఫా (వాక్యాల మార్కులు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే అంకె) 0.7 కంటే బాగా కింద పడితే ప్రశ్నలు బాగాలేవని తిట్టుకునే ముందు, ఆ 3, 4 వాక్యాలూ తిప్పారో లేదో షీటులో చూసుకోండి.